లచ్చక్క చెప్పిన దేశం పేరు

మే 4, ఆదివారం. ఎండ మండుతోంది. పొద్దున్నే పైకప్పు పెంకులు సర్దాను. పక్క కల్లంలో ఆరబెట్టిన బీడీల తునికాకు వాసన పైదాకా వచ్చింది. ఆ వాసనకు లచ్చక్క గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నేను బడికి పోలేదు, మా లచ్చక్క పోయేది. ఆమె వాటా ఆకు కట్టలు నేను కడితే, ఆ రోజు పాఠం నాకు చెప్పేది.

"ఇండియా అనే పేరు సింధు నది నుంచి వచ్చిందంట, తమ్మీ."

"ఆ నది ఏడుందక్కా?"

"ఇప్పుడు ఎక్కువ పాకిస్తాన్‌ల పారుతదంట."

"పేరు మనకిచ్చి గాడికెందుకు పోయింది?"

"ఆడపిల్ల గదరా, పోదా?" అని నవ్వింది.

అదే చివరి పాఠం. ఆ ఎండాకాలమే పెళ్లి చేసి ముదిగొండ పంపారు. ఏడాదికి కాన్పులో చనిపోయింది. అమ్మ తట్టుకోలేదని ఇంట్లో ఎవరమూ ఆమె పేరు పలకలేదు.

ఇప్పుడు అమ్మ కూడా లేదు. మధ్యాహ్నం ఒక్కడినే కూర్చుని "లచ్చక్కా" అని పైకి పిలిచాను. తర్వాత మేకలకు నీళ్లు పెట్టాను.