లాతీర్ ‘మీరు’ అన్న రోజు

సిబెత్ అక్క గరిటె పట్టిందంటే మా ఊరు జిగిన్‌షోర్‌లో సగం మంది ఆమె పొయ్యి దగ్గరే ఉంటారు. పదమూడేళ్లుగా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగేది నేను. ఇక కుస్తీ పోటీలున్న రోజైతే మా ఇద్దరికీ పూనకమే. మైదానంలో డప్పులు మోగేసరికి మూడు గుండిగల చేపల అన్నం దిగిపోవాలి.

ఆ రుచి ఎక్కడిదో దాపరికమేమీ లేదు. చేతినిండా ఉప్పు, ఎండబెట్టిన ఉప్పుచేప, ఆ పైన గుప్పెడు మసాలా బిళ్లలు. అడుగంటిన మాడు ముద్దలన్నీ అక్కకే. మనిషి కూడా గుండిగంత ఉంటుంది. ఎవరైనా చిక్కితే ఏం రోగమోనని చెవులు కొరుక్కునే ఊరు మాది, అందుకని ఆమె ఒళ్లు చూసి మురిసిపోయేవాళ్లం. వాళ్లమ్మ వరిచేలో తలనొప్పంటూ కూలబడి మళ్లీ లేవలేదు. ఆ ఊసు ఎత్తితే అక్క ఊరుకోదు.

లాతీర్ ఫాయ్ మా పేట ఆరోగ్య కేంద్రంలో నర్సు. అతను సెరేర్, అక్క జోలా. ఈ రెండు జాతులకీ తాతల నాటి వేళాకోళపు వరస. ఒకరినొకరు ‘బానిస’ అని కూడా అనుకోవచ్చు, ఉడుక్కున్నవాళ్లు ఓడినట్టు.

పోయిన నెల పేటలో రక్తపోటు ఎవరికుంది, ఎందుకొస్తోందని ఇల్లిల్లూ తిరుగుతూ అక్క చేతికీ పట్టీ చుట్టాడు.

“నూట తొంభై. ఒసే నా బానిసా, తొందర్లోనే చస్తావు. ఉప్పు తగ్గించు, ఈ మాత్రలు మింగు.”

“నేను చస్తే నీకు కూడెవరు పెడతార్రా, సజ్జ సంకటి మొహమా?”

తినడానికొచ్చినవాళ్లంతా గొల్లుమన్నారు. తర్వాత మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ అదే చెప్పాడు. సెరేర్ వాడు జోలా మనిషిని చస్తావంటే ఎవరు నమ్ముతారు? అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

పోటీల రోజు రానే వచ్చింది. డప్పులు అదరగొడుతున్నాయి, జనం పళ్లేలు మోగిస్తున్నారు. అక్క కణతలు నొక్కుకుంటూనే గుండిగ కలుపుతోంది. అన్నానికొచ్చిన లాతీర్ ఆమె మొహం చూసి పట్టీ తీశాడు. ఈసారి అంకె పైకి చదవలేదు. తల మీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“సిబెత్ అమ్మగారూ, మీరు ఈ మాత్ర వేసుకుని నాతో ఆసుపత్రికి రండి.”

పళ్లేల చప్పుడు ఆగిపోయింది. నా కత్తి ఉల్లిపాయలోనే ఉండిపోయింది.

“ఎవర్రా అమ్మగారు?” అంది అక్క. గొంతులో జంకు. “తిన్నగా మాట్లాడు. బానిస అను.”

లాతీర్ మాత్ర అరచేతిలో పెట్టి ఆమె ముందుకు చాపాడు.

“నీకు దణ్ణం పెడతానురా, ఒక్క తిట్టు తిట్టు.”

అతను తల అడ్డంగా ఊపాడు. కళ్లలో నీళ్లు.

అక్క చెయ్యి చాపి మాత్ర తీసుకుంది, నీళ్లు కూడా అడక్కుండా మింగేసింది. ఎన్నడూ ఎవరికీ ఇవ్వని గరిటె నా చేతిలో పెట్టి, అతని భుజం పట్టుకుని లేచింది.

“మా అమ్మకి చెప్పేవాడు లేకపోయాడు,” అంది.