మామ చేతిలో గిన్నె

నా చదువు మా మామ పరువును ఎలా తీసిందో చెబుతాను. అదీ ఆయన పోయిన ఏడాదికి, సమాధి దగ్గరే, బంధువులందరి ముందూ.

నారాయణప్ప మామ మా అమ్మ తమ్ముడు. చిక్కపేటలో గుడ్డల అంగడి. బేరాల్లేని మధ్యాహ్నాల్లో చరిత్ర పుస్తకాలు చదివేవాడు, నాచేతా చదివించేవాడు. ఇద్దరికీ కిప్చాకులంటే ఇష్టం. మధ్యయుగాల్లో గడ్డిమైదానాల మీద గుర్రాలతో తిరిగిన తుర్కిక్ సంచార జాతి వాళ్లది. బతికినన్నాళ్లూ గుడారాల్లో ఉన్నా, పోయినవాళ్లకు మాత్రం దిబ్బ పోసి, పైన తూర్పు ముఖంగా రాతిమనిషిని నిలబెట్టేవాళ్లు. ఆ రాతిమనిషి బొడ్డు దగ్గర రెండు చేతులతో ఒక గిన్నె పట్టుకుని ఉంటాడు.

మామను హొసకోటె దగ్గర సొంత పొలంలోనే పూడ్చాం. సంవత్సరీకానికి రాయి నిలబెట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. అత్త నమ్మింది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. నమ్మదగ్గ వయసు కాదు.

రాళ్లు చెక్కే ముసలాయన నేను గీసిచ్చిన బొమ్మను చాలాసేపు చూశాడు.

"దండం పెట్టినట్ల చెక్కితే కాదా సామీ?"

"చరిత్ర ఒప్పుకోదు," అన్నాను.

కిప్చాకుల గిన్నెను ఆయన ఎక్కడ చూశాడు? తాను రోజూ చూసే గ్లాసునే చెక్కాడు.

సంవత్సరీకం నాడు నేనే రాయి మీది గుడ్డ తీశాను. అందరి కళ్లూ రాతిమనిషి చేతుల్లోని గ్లాసు మీదే పడ్డాయి.

"ఏందప్పా ఇది?" అన్నాడు అత్త వాళ్ల అన్న మునిరాజు. "ఊర్లో బ్రాందీ అంగడి ఎత్తేయించినోడు నారాయణప్ప. పోయినంక మొదులుపెట్టినాడా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్త తలొంచుకుంది. మామ చుక్క ముట్టని మనిషన్నది ఆమెకు మిగిలిన గర్వం. దాన్ని నేను రాతిలో చెరిపేశాను.

"గ్లాసు కాదు పెద్దనాయనా, గిన్నె. కిప్చాకుల ఆచారం."

"దాన్లో ఏముండాది?"

ఇక్కడ నోరు మూసుకోవడానికి చదువేమీ అక్కర్లేదు. నేనేమో చదువుకున్నవాణ్ణి.

"గుర్రం పాలు."

"ఉట్టి పాలేనా?"

"పులియబెట్టినవి."

"పులిస్తే ఎక్కుతాదా?"

"కొంచెం..."

అత్త లేచింది. రాయి దగ్గరకు వెళ్లి, దాని భుజమ్మీద చెయ్యేసి, కిందికీ పైకీ చూసింది. నేను చెప్పులెక్కడున్నాయా అని చూసుకున్నాను.

"తాగేవోడైతే గ్లాసు నోటికాడుండల్ల. ఇది కడుపుకాడ ఉండాది. రెండు చేతులా ఎంత గట్టిగా పట్టుకోనుండాడో చూడండి. ఎవురో తాగబోతా ఉంటే లాక్కోనుండాడు." అన్న వైపు తిరిగింది. "నీదేమో చూసుకో అన్నా."

అందరికన్నా గట్టిగా మునిరాజే నవ్వాడు. మామ పోయాక అత్త నవ్వగా చూసింది నేను ఆ రోజే.

అందుచేత ఆ రాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరికి రాయి పెట్టించినా చేతులు ఖాళీగానే ఉంచుతాను. ఎవరైనా చరిత్ర అడిగితే అత్తను పిలుస్తాను.