ఖాళీ చేసినవాడికి పట్టా లేదు

గోదావరిఖనిలో రాజం రోజూ పొద్దున ఆరింటికి రెండు బిందెల నీళ్లు మోసుకుంటూ రెండో అంతస్తులోని అద్దె గదికి ఎక్కుతాడు. వయసు అరవై తొమ్మిది. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. రిటైరైన నెలలోనే కంపెనీ క్వార్టర్ తాళాలు అప్పగించాడు.

అలా అప్పగించాలని చెప్పింది యూనియన్ నాయకుడు సదయ్య. గేటు మీటింగుల్లో ఆయన మాట ఒక్కటే: "క్వార్టరు బాయిల దిగెటోనిది. దిగుడు బందైనంక పట్టుకోని కూసుంటే ఇంకో కార్మికుని ఇల్లు గుంజుకున్నట్టే."

రాజం నమ్మాడు. ఏడాది ఆగుదామని భార్య సారవ్వ అన్నా వినలేదు. ఖాళీ చేసిన ఇంట్లోకి ఏ కార్మికుడూ రాలేదు. తాళం పగలగొట్టి ఒక చిట్టీల వ్యాపారి దిగాడు. మరుసటి ఏడు సదయ్య కూడా రిటైరయ్యాడు. కోడలి కాన్పు దాకా క్వార్టర్లోనే ఉంటానన్నాడు. ఆ మనవడు ఇప్పుడు మూడో తరగతి.

ఈ వేసవిలో, ఆ పాత క్వార్టర్లలో ఉంటున్నవాళ్లకే పట్టాలివ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. రాజం కూడా తన పాత క్వార్టరు కోసం దరఖాస్తు పెట్టాడు. సర్వేకు వచ్చిన అధికారి ముందు తన సర్వీసు కాగితాలు పరిచాడు.

"ఇప్పుడు ఇండ్ల ఎవరున్నరో రాసుకుంటం పెద్దాయన. ఎవరు మంచిగ ఇడిచిపెట్టిన్రో రాసేతందుకు దీంట్ల జాగ లేదు," అన్నాడు అధికారి.

సదయ్య పట్టా దరఖాస్తుకు పాత కార్మికుడి సాక్షి సంతకం కావాలి. రాజాన్ని పిలిచి కాగితం చేతికిచ్చాడు.

"ఇది ఇంకో కార్మికుని ఇల్లంటివి గద, సదయ్యా?"

"అది అప్పటి ముచ్చటనే అన్నా. కంపెనీ కొత్తోళ్లను తీసుకుంటలేదాయె, ఎవని కోసం ఇడువాలె? ఇల్లు లేనోనికి సర్కారు నీడ ఇస్తున్నది. తప్పేంది?"

"నాకు ఉన్నదా ఇల్లు?"

"నేను మీటింగుల అంటి. నీ ఇంటికొచ్చి పొమ్మన్ననా?"

రాజం పెన్ను వెనక్కిచ్చి వచ్చేశాడు. పక్క వరుసలో ఉండే మరో పాత కార్మికుడు ఐదు నిమిషాల్లో ఆ సంతకం పెట్టాడు.

"నీతిమంతులకు వేరే లైను ఉన్నదేమో, అడుగకపోయినవా?" అంది సారవ్వ అన్నం పెడుతూ.

వారం తర్వాత ఆఫీసు గోడకు జాబితా అంటించారు. పట్టాలు నూట ఎనభై ఆరు. అందులో సదయ్య ఉన్నాడు, చిట్టీల వ్యాపారీ ఉన్నాడు. తిరస్కరించిన దరఖాస్తులు ముప్పై ఒకటి. రాజం పేరుకు ఎదురుగా రాసిన కారణం: నివాసం లేదు.