సరుగుడు మొక్కలకి నీళ్ళు మోసిన డ్రిల్లు

మా చిన్నప్పుడు... డ్రిల్లు పీరియడంటే బీచ్‌లో పరుగు. ఎనభైల మొదట్లో మాట. వన్ టౌన్‌లో మా ఆడపిల్లల బడికి మైదానం లేదు మరి.

ఊరికే పరిగెత్తనిచ్చేవారు కాదు డ్రిల్లు టీచరుగారు. రోడ్డు మీద బోరింగు దగ్గర చిన్న బిందె నింపుకుని, ఇసకలో పరిగెత్తి, మేం నాటిన సరుగుడు మొక్కలకి పొయ్యాలి. ఒలికిందా... మళ్ళీ బోరింగు దగ్గర్నుంచే!

"ఇసక ఇళ్ళలోకి కొడుతోందని అందరూ తిట్టుకుంటారు. మనం చెట్లు అడ్డం పెడదాం" అనేవారు.

మొదటిసారి నాటిన చోటే తప్పు. మాలో చాలామందిమి పల్లెల్నుంచి వచ్చిన రైతుల పిల్లలం. ఖాళీగా కనిపిస్తే బీడనుకున్నాం. మర్నాడు జాలరి ముసలమ్మ ఒకావిడ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"వలలారేసుకునే సోట మొక్కలేటే? రేపు మా వలలు మీ టీచరమ్మ బుజాల మీదారేత్తామా?"

మేం కిసుక్కుమన్నాం. టీచరుగారు నవ్వలేదు. "తప్పు మాదేనమ్మా, చోటు మీరే చూపించండి" అన్నారు. వేరు తెగకుండా అన్నీ మాచేతే తవ్వించి, ఆవిడ చూపించిన చోట నాటించారు.

ఆ ఏడే నాకు ఓణీ వేశారు. వేసవి సెలవులొచ్చాయి. నీళ్ళు పొయ్యకపోతే మొక్కలు మాడిపోతాయి... ఇంటికి పెద్దదాన్ని, చెల్లెళ్ళిద్దర్నీ వెంటేసుకుని పొద్దున్నే బయల్దేరాను. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎదిగిన పిల్లవి. బీచ్‌లో ఆ పరుగులేటి? మానీ."

"మొక్కలు బతికాక మానేత్తాను నాన్నా."

"బతక్కపోతే?"

"మల్లీ నాటతాను."

నాన్నకి ఎదురు చెప్పడం అదే మొదలు. దేవుడికి దండం పెట్టుకుని, బిందె ఎత్తుకుని, ఆయన పక్కనుంచే వెళ్ళాను.

మూడు రోజులూ అలాగే వెళ్ళాను. నాలుగోరోజు నాన్న, "సంకనెట్టకే, నెత్తినెట్టుకో. ఒలకదు" అన్నారు. అంతే.

సగం మొక్కలు కూడా బతకలేదు. వానలు పడగానే మళ్ళీ నాటాం.

ఇప్పుడు... మా మనవరాలి బడిలో ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు చెబుతున్నారు. పర్యావరణమంటే చార్టు గీసి తెమ్మన్నారు. "చార్టు తేదు. పిల్లల్ని మట్టిలోకి పంపండి, మొక్కలు నేను తెస్తాను" అని డైరీలో రాసి సంతకం పెట్టాను. పిలిచి అడిగినా అదే చెబుతాను.

మీ డ్రిల్లు టీచర్లు మీచేత ఏం మోయించారు? ఇక్కడ రాయండి... మీ పిల్లల బడికీ రాయండి.