ఉప్పెన పద్యానికి వన్స్ మోర్

పద్యం పాడినవాళ్ళకి చప్పట్లు చాలవు, వన్స్ మోర్ పడాలి. మళ్ళీ పాడమని జనం అరవాలి. తెనాలిలో పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మా మేనకోడలు లావణ్యకు మాత్రం ఇంతవరకు ఒక్క వన్స్ మోర్ కూడా పడలేదు. సముద్రం ఏటేటా ఊళ్ళమీదికి జరిగివస్తోందని తనే ఒక నాటకం రాసింది. అందులో ఉప్పెన వేషం తనదే. హార్మోనియం వాయించేవాడు దొరక్క నన్ను లాక్కుపోయింది.

పొద్దున ఆరున్నరకు తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగాం. స్టేషను ఎదుట ఇడ్లీ తింటుంటే, నాటకానికి తెర గీసిన ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి కలిశారు. పాత ఫ్లెక్సీల వెనకవైపు అలలు గీశారు. తిప్పిచూస్తే ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షలు!

రేపల్లె బస్సులో కండక్టరు నా పెట్టె చూసి, "ఏంటండీ, కోళ్ళా?" అన్నాడు.

"హార్మోనియం బాబూ."

"అయితే దానికి టికెట్ వద్దులెండి."

నగరం అనే ఊరు దాటేదాకా లావణ్య కిటికీ వైపు తిరిగి పద్యం గొణుక్కుంటూనే ఉంది. "మావయ్యా, ఒక్కళ్ళయినా వన్స్ మోర్ అంటారంటావా?"

"అనకపోతే నేనంటాలే."

"హార్మోనియం వాయించేవాళ్ళు అంటే చెల్లదు!"

రేపల్లెలో భోంచేసి, ఆటోలో సముద్రం ఒడ్డునున్న పల్లెకు చేరాం. ఎండ తగ్గాక చర్చి ముందు తెర కట్టాం. వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా పని ఆపి వచ్చి కూర్చున్నారు. తెర గీసినవాళ్ళలో ఒక కుర్రాడు పీత వేషం వేస్తే, వాడి పాటకే వన్స్ మోర్ పడింది. నాకు ఆశ పుట్టింది.

లావణ్య ఉప్పెన పద్యం ఎత్తుకుంది. తను అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు. పద్యం అయిపోయింది. ఒక్కరూ అరవలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. పిచ్చిపిల్ల కళ్ళనీళ్ళతోనే నాటకం పూర్తి చేసింది.

తెర విప్పుతుంటే ఒక ముసలావిడ వచ్చి లావణ్య గడ్డం పట్టుకుంది. "బాగా పాడావమ్మా."

"మరి ఒక్కళ్ళూ వన్స్ మోర్ అనలేదేంటి మామ్మా?"

"ఎట్టా అంటామే తల్లీ? మా పెద్దోణ్ణి తీసుకుపోయింది ఆ ఉప్పెనే. దాన్ని మళ్ళీ రమ్మని నోటితో ఎట్టా పిలుస్తాం?"

లావణ్య ఆవిడ చేతులు పట్టుకుని బావురుమంది.

చీకటి పడ్డాక రేపల్లెలో తెనాలి బండి ఎక్కాం. సగం దూరం వచ్చాక లావణ్య అడిగింది. "ఆ పద్యం తీసెయ్యనా మావయ్యా?"

"తీసెయ్యకు. ఆవిడే బాగుందందిగా."

"సరే, పాడతాను. కానీ ఎవరన్నా వన్స్ మోర్ అంటే మాత్రం పాడను."

మా ఇంట్లో కళాకారిణి పుట్టిందని ఆ మాటతో నమ్మకం కుదిరింది. ఈ నాటకం మీ ఊరికీ వస్తుంది. తప్పకుండా వెళ్ళండి. పీత పాటను ఎన్నిసార్లయినా పాడించుకోండి. ఉప్పెన పద్యాన్ని మాత్రం ఒక్కసారి విని ఊరుకోండి.