పదకొండో పల్స్

త్రికోటేశ్వరరావు నరసరావుపేటలోని ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చెయ్యి. లేజర్ కిరణాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా గురిపెట్టగలడు. కాకపోతే మొండిమనిషి. ముదురు రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆకుపచ్చ కిరణం కనపడదని వాటిని తీసేసేవాడు. రెండేళ్ల కిందట ఓ స్క్రూ తలకు తగిలి చిందిన కాంతి ఎడమ కంట్లో పడింది. అప్పట్నుంచి ఆ చూపు మధ్యలో నల్లమచ్చ.

ఆ కాలేజీలోనే చదివి లెక్చరరైన నజీమా ఆయన్ను బాబాయ్ అనేది. ఆ ప్రమాదం తర్వాతే ఆమె గ్రాఫీన్ పని మొదలుపెట్టింది. పెన్సిల్ ముల్లులోని కార్బనే, ఒక్క పరమాణువంత పలచటి పొర. ఆ పొరల్ని గాజుకు పూస్తే అది మామూలు వెలుతురును పోనిస్తుంది, తీవ్రమైన కాంతిని ఆపుతుంది. అలాంటి కళ్లద్దాలు చేయాలని ఆమె ఆశ.

ఆ పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి మర్నాడు పరిశీలన కమిటీ రావాలి. మధ్యాహ్నం చూస్తే కిరణం గురి తప్పి ఉంది. నజీమా ల్యాబ్‌లోకి వచ్చేసరికి త్రికోటేశ్వరరావు ఆమె గాజుముక్కల్ని పాత ఫ్రేములో బిగించి, పెట్టుకుని, గురి సరిచేయడానికి కిరణం వైపు వంగుతున్నాడు. ఆమె పరుగున వెళ్లి లేజర్ ఆపేసింది.

"ఏందమ్మా, నీ అద్దం మీద నీకే నమ్మకం లేదా?"

ఒక్కో గాజును ఐదు పల్సులకు, అంటే ఐదు లేజర్ మెరుపులకు, మించి పరీక్షించలేదని ఆమె ఒప్పుకుంది.

ఆ ఫ్రేమును స్టాండుకు తగిలించి, కుడి గాజు వెనక, కన్ను ఉండాల్సిన చోట కాంతిని కొలిచే మీటరు పెట్టింది. ఇద్దరూ ముదురు కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఆమె ఒక్కో పల్సూ వదులుతుంటే ఆయన అంకె చదివాడు. ఐదు దాటాయి. ఎనిమిది. పది దాకా అంకె కదల్లేదు. నజీమా ఊపిరి పీల్చుకుంది.

పదకొండో పల్సుకు అంకె ఒక్కసారిగా ఎగిరింది.

గాజు తీసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నారు. పూత మధ్యలో సూదిమొనంత చిల్లు.

త్రికోటేశ్వరరావు స్టూలు మీద కూలబడి, కుడి కన్నును అరచేత్తో మూసుకున్నాడు. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే, నజీమా బల్ల మీద కెమెరా పెట్టి, దాని తెరలో చూస్తూ కిరణాన్ని తనే సరిచేసింది.

కమిటీకి ఆమె మొదట చిల్లుపడ్డ గాజే చూపించింది. కళ్లద్దాలనే మాటను వాళ్లు ఆమె రిపోర్టులోంచి కొట్టేశారు. పూత ఎన్ని పల్సులకు తట్టుకుంటుందో తేల్చమని ఇంకో ఏడాది గడువిచ్చారు.

ఇప్పుడు త్రికోటేశ్వరరావు ముదురు కళ్లద్దాలతో, తెర చూసే గురిపెడుతున్నాడు. తెర చిన్నదని రోజూ సణుగుతాడు.