గుసగుస చేతకాని ఖాసదారు

దత్తాత్రి గారికి గుసగుస చేతకాదు. మహారాష్ట్రలోని సోలాపూర్ నుంచి ఆరుసార్లు లోక్‌సభకు గెలిచిన ఈ ఖాసదారుకు, అంటే ఎంపీకి, దేశంలోని చట్టాలన్నీ నోటికొచ్చు. గొంతు తగ్గించడం ఒక్కటే రాదు. ఆయన జోడ్‌భావి పేట్‌లో తలుపేసుకుని రహస్యం చెబితే, ఊరికి అవతల నీలం నగర్‌లో టీ తాగేవాళ్లు తలలూపేవారు.

ఆ గొంతే ఆయన్ని గెలిపించిందని కూడా అంటారు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇళ్లు కావాలని ఆయన ఢిల్లీలో అడిగితే మంత్రులు వాదించేవారు కారు. ముందు చెవులు మూసుకునేవారు, తర్వాత సంతకం పెట్టేవారు. ఒకరోజు సభలో మైకు చెడిపోతే ఆయన ప్రసంగం అయ్యేదాకా ఎవరికీ తెలియలేదు.

తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ల మరమగ్గాల మధ్య పెరిగిన గొంతు కదా అని ఊరంతా సరిపెట్టుకుంది. సరిపెట్టుకోలేనివాడు ఆయన పీఏ రాజారాం. పొద్దు ఎంతైందో కూడా చెవిలో చెప్పే రకం. "రేపు అవతలి పార్టీ కార్పొరేటర్ మనలకొస్తుండు, ఎవ్వరికి చెప్పకు" అని దత్తాత్రి ఫోన్లో అంటే, ఆ కార్పొరేటరే పక్క వీధిలో విని, బెదిరిపోయి, ఉన్న పార్టీలోనే ఉండిపోయాడు.

ఈసారి ఎన్నికల ముందు ఢిల్లీ నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చాడు. "పార్టీ రహస్యాలు ఊరంతా వినబడుతున్నాయి. మీ సాహెబ్ గొంతు తగ్గితేనే టికెట్. రేపు ఇంటికొచ్చి స్వయంగా చూస్తాను" అన్నాడు రాజారాంతో. రాజారాం పరుగున దత్తాత్రి దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, రేపొక్కదినం మెల్లగ మాట్లాడు. నీ కాళ్లు మొక్కుత."

"గంతేనా? మాట్లాడుత తీయ్" అన్నాడు దత్తాత్రి. వీధిలో పడుకున్న కుక్కలు లేచి కూర్చున్నాయి.

మర్నాడు పొద్దున వాకిట్లో జనం చేరారు. పరిశీలకుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దత్తాత్రి ఒక్కొక్కరితో ఎంత మెత్తగా మాట్లాడాడంటే, ఈ గొంతు ఇన్నేళ్లూ ఎక్కడ దాచాడా అని రాజారాం నోరు తెరిచాడు. పరిశీలకుడు మెచ్చుకోలుగా తలూపాడు.

అంతలో నర్సయ్య వచ్చాడు. వయసు మళ్లినా ఇంకా సాంచా, అంటే మరమగ్గం, నడుపుతున్న మనిషి.

"మోకాళ్ల నొప్పి తగ్గిందా నర్సయ్యా?" అన్నాడు దత్తాత్రి మెల్లగా.

నర్సయ్యకు పెదవులు కదలడమే కనిపించింది. చుట్టూ చూశాడు. అందరికీ వినబడుతున్నట్టే ఉంది. ముఖం పాలిపోయింది. చెయ్యి చెవి మీదికి పోయింది.

"అన్నా, నా చెవులు పోయినయా? సేట్‌కు తెలిస్తే సాంచా మీదికి రానియ్యడు. ఇంట్ల సంపాదించేది నేనొక్కన్నే."

దత్తాత్రి పరిశీలకుడి వైపు ఒకసారి, నర్సయ్య వైపు ఒకసారి చూశాడు. గొంతు పట్టుకుని దగ్గాడు.

"నీ చెవులకేమైంది? పొద్దుగాల సంది నా గొంతే పట్టుకుంది. ఇగో, ఇప్పుడొచ్చింది!"

కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పరిశీలకుడి చేతిలో టీ ఒలికింది. నర్సయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అట్లనా. శొంఠి కషాయం తాగే అన్నా, బరోబర్ అయితది" అని ధైర్యం చెప్పి, నిటారుగా నడుచుకుంటూ పనికి వెళ్లిపోయాడు. పరిశీలకుడు కూడా లేచి వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక రాజారాం మండిపడ్డాడు. "నీకు మెల్లగ మాట్లాడొస్తది గదా! ఇన్నేండ్లు మమ్ముల ఎందుకు సతాయించినవ్?"

దత్తాత్రి అతన్ని దగ్గరికి పిలిచి, మొదటిసారి చెవిలో చెప్పాడు. "సాంచల కాడ పనిచేసినోళ్లల్ల సగం మందికి చెవులు సక్కగ లెవ్వు. వాళ్లొక్కళ్లతోని అరిస్తే చిన్నబోతరు. అందరితోని అరిస్తే పిచ్చి నాదనుకుంటరు. పోనీ తీయ్."

ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తూ ఇన్నాళ్లూ విసుక్కున్నానే అని రాజారాం సిగ్గుపడ్డాడు.

వారం తర్వాత పరిశీలకుడు ఫోన్ చేశాడు. "టికెట్ మీ సాహెబ్‌కే. ఆ ముసలాయన ముఖం చూశాక ఇంకో పేరు చెప్పలేకపోయాను. కానీ రేపు ప్రకటించేదాకా మూడో మనిషికి తెలియకూడదు."

రాజారాం వాకిట్లోకి వచ్చాడు. నర్సయ్య, అతని ఈడువాళ్లు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఏమన్నడు?" అని అడిగాడు దత్తాత్రి.

రాజారాం అలవాటుగా ఆయన చెవి దాకా వంగాడు. అరుగు మీది ముసలివాళ్లను చూసి ఆగాడు. నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని ఆ రహస్యం చెప్పాడు.

నీలం నగర్‌లో టీ తాగేవాళ్లు తలలూపారు.